పదికి ఒకటి కలుపుకుంటే

ఎవరేమి అడిగినా దస్తగిరి మేస్త్రి వెంటనే జవాబు చెప్పడు. చేతిలోని పనిముట్టు పక్కన పెట్టి, అడిగినవాళ్ళ మొహం కాక చేతులు చూస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెబుతాడు. అది జవాబో కాదో తేల్చుకోవడం అడిగినవాళ్ళ పని. లారీల మీటర్లు బాగుచేసే ఆ రేకుల షెడ్డులో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పెంచలమ్మకు ఈ పద్ధతి బొత్తిగా గిట్టదు. ఇంట్లో పాత రేడియోలు విప్పి, చెడగొట్టి, తనంతట తాను నేర్చుకున్న పిల్ల ఆమె. ఏదైనా ఇప్పుడే తేలిపోవాలి.

ఆ మధ్యాహ్నం నాపబండల లోడుతో ఒక లారీ షెడ్డు ముందు ఆగింది. దానికి కొత్తగా పెద్ద టైర్లు వేయించారు. పెంచలమ్మ టైరు మీదా నేల మీదా సుద్దతో గీత గీసి, చక్రం ఒక్క చుట్టు తిరిగేదాకా బండిని ముందుకు నడిపించి టేపు పట్టింది. పాత టైరు చుట్టుకు పదడుగులు పోయేది, కొత్తది పదకొండు పోతోంది. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో మీటరుకు తెలుసు గానీ ఎంత నేల గడిచిందో తెలియదు. అందుకని బండి నలభై నాలుగులో ఉరుకుతున్నా సూది నలభై దగ్గరే నిలబడుతుంది. గేరుబాక్సు పక్కన మీటరు తీగను తిప్పే చిన్న పళ్ళచక్రం మార్చాలి, రెండు పళ్ళు తక్కువున్నది వేయాలి.

“సాయంత్రం అవుతాదన్నా,” అంది.

“సాయంత్రమా? ఘాటు దిగేసరికి చీకటి పడ్తాది పాపా,” అన్నాడు డ్రైవరు నాగసుబ్బయ్య. “తేడా ఎంతో తెలిసిపోయె గదా! పదికి ఒకటి కలుపుకుంటా. నలభై చూపిస్తే నలభై నాలుగు. ఇంగ రిపేరీ ఎందుకు?”

అతని బామ్మర్దే ఆ బండికి రెండో డ్రైవరు. ఫుట్‌బోర్డు మీద కూర్చుని జామకాయ కొరుకుతున్నాడు. “కూడికలు రాకనే మా బావ మూడో తరగతిలో బడి ఎగ్గొట్టినాడు. ఇప్పుడు స్టీరింగు పట్టుకొని లెక్కలు చేస్తాడంట, చూడండి!”

“నోర్ముయ్‌రా. పోయి తాడు బిగించు పో.”

పెంచలమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే “సరే, పో అన్నా” అనేసింది. అన్నాక ముల్లు విరిగి అరికాల్లో ఉండిపోయినట్టు మనసు కలుక్కుమంది. లోపలికొచ్చి మేస్త్రిని అడిగింది.

“తప్పు ఎంతుందో తెలిసినవాడికి మీటరు దిద్దకపోతే ఏం మేస్త్రీ?”

దస్తగిరి చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. సుద్ద అంటిన ఆమె వేళ్ళకేసి కాసేపు చూసి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇరవై ఏళ్ళ కిందట ఓబులయ్య అనే డ్రైవరు ఇలాగే పెద్ద టైర్లు వేయించుకుని వచ్చాడు. ఇదే తేడా, ఇదే మాట. దస్తగిరి కూడా నవ్వి పంపించేశాడు. నాలుగు నెలలు ఓబులయ్య కలుపుకుంటూనే తిరిగాడు, బండికి గీత కూడా పడలేదు. కలిపి కలిపి అదెంత అలవాటైపోయిందంటే, సూది తప్పు చూపిస్తోందన్న సంగతే అతను మరిచిపోయాడు.

బండల లారీ నడిపేవాళ్ళకు ప్రతి మలుపుకూ ఒక అంకె ఉంటుంది. ఆ ఘాటులో ఎడమకు తిరిగే పెద్ద మలుపుకు నలభై. అందాకా బండలు కూర్చునుంటాయి. దాటితే లేస్తాయి. ఒక ఎండవేళ అన్నం తిన్నాక ఓబులయ్యకు రెప్పలు వాలిపోయాయి. బాలగురప్ప అనే రెండో డ్రైవరుకు స్టీరింగు ఇచ్చి క్యాబిన్‌లోనే సీటు వెనకున్న పలక మీద పడుకున్నాడు. బాలగురప్ప పందెం కట్టినా నలభై దాటని మనిషి. సూది మీద చూపు పెట్టి, సరిగ్గా నలభైలో మలుపు తిప్పాడు. బండలు లేచాయి. లారీ డ్రైవరు వైపుకే ఒరిగింది. అతన్ని బయటికి తీయడానికి ఒక్కో బండా తీయాల్సొచ్చింది.

ఓబులయ్యకు కాలు విరిగింది, అంతే. నెల తర్వాత చంకకర్రలతో వచ్చి ఈ గడప దగ్గరే నిలబడ్డాడు. “నిద్రలో ఉన్న్యా మేస్త్రీ. కలపలేకపోతి,” అన్నాడు. మళ్ళీ ఈ వైపు రాలేదు.

ఊరంతా మాత్రం బాలగురప్పనే అంది. దూకుడు మనిషి, ఘాటులో తోలే తీరు అదేనా, పెండ్లాన్ని అన్యాయం చేసి పోయినాడు అని. ఆ మాటలు పడలేక అతని భార్య ఒకరోజు షెడ్డుకొచ్చింది. నుజ్జయిన లారీ అప్పటికింకా ఇక్కడే పెరట్లో ఉంది.

“మా ఆయప్ప నలభై దాటడు మేస్త్రీ. నువ్వు మీటర్లు చూసేవాడివి గదా, ఆ మీటరు చూసి ఆ ఒక్క మాట చెప్పు. మా వాళ్ళకు చెప్పుకుంటా.”

దస్తగిరి చూశాడు. అద్దం పగిలిపోయింది. సూది నలభై మీద బిగుసుకుపోయి ఉంది.

“దెబ్బకు సూది యాడైనా ఆగుతాదమ్మా,” అన్నాడు ఆమెతో. “దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

అంతవరకు చెప్పి మేస్త్రి ఆపేశాడు. బయట నాగసుబ్బయ్య ఇంజను స్టార్టు చేసి హారను కొడుతున్నాడు. పెంచలమ్మ ఒక్క ఉదుటున పోయి, ముందు చక్రం కింద రాయి తోసి, క్యాబిన్ ఎక్కి తాళంచెవి లాక్కుంది.

“ఏందిమ్మే ఇది? పొమ్మన్నది నువ్వే గదా!” అని అరిచాడు నాగసుబ్బయ్య.

“నేనే. తప్పు చెప్పినా. దిగన్నా.”

అతని తిట్లు వినపడుతుండగానే లోపలికొచ్చి, డబ్బాలో పళ్ళచక్రాలు వెతికింది. కావలసింది దొరికింది. గుమ్మం దాకా పోయి ఆగింది. అడగకూడదని తెలుసు, అడగకుండా కదలనూ లేదు.

“తర్వాతైనా ఆమెకు చెప్పినారా మేస్త్రీ?”

దస్తగిరి స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు.

“ఓబులయ్యకు తెలుసు. నాకు తెలుసు,” అన్నాడు. “తెలిసినోళ్ళం ఇద్దరమూ బాగానే ఉండాం పాపా.”