ఏం కాదులే అంటే వచ్చే ఆవిడ

అనగనగనగా, బుజ్జీ, ఒక ఊళ్ళో పరుపులు కుట్టే వీధి ఉండేది. ఆ వీధి గాల్లో ఎప్పుడూ దూది నూగు తేలుతూ ఉండేది. కుక్క తుమ్మినా దూదే, కాకి రెక్క విదిల్చినా దూదే. ఆ వీధిలో పరుపులు కుట్టే మౌలాలి ఉండేవాడు. అతని భార్య దస్తగిరమ్మ. వాళ్ళకి ఇంకా నడక రాని పిల్ల ఒకతి, పేరు నూరీ. ఆ పిల్ల ఉయ్యాల దూది బస్తాల మధ్యలోనే వేలాడేది. ఇల్లు చిన్నది మరి, ఇంకెక్కడ కడతారు?

ఆ ఇంటి గోడల్లో ఒకావిడ తిరిగేది. మనింటి గోడల్లోనూ తిరుగుతుందనుకో. దుప్పటి తలమీదికి లాక్కోకు, విను. ఆవిడకి పేరు లేదు, కాళ్ళు లేవు. తీగల వెంట నడుస్తుంది. పద్ధతిగా నడిచినంతసేపూ దీపం వెలిగిస్తుంది, ఫ్యాను తిప్పుతుంది. కానీ ఆవిడకి ఆకలెక్కువ. గోడ దాటి ఇంట్లోకి రావాలని ఒకటే కోరిక. అయితే పిలవని ఇంట్లోకి రాదు. మూడుసార్లు పిలవాలి. ఆ పిలుపు మంత్రమేమీ కాదు, మనం రోజూ అనే మాటే. అదేమిటో నువ్వే కనిపెట్టు.

ఆవిడకి ఒక కాపలా ఉంది. వసారాలో మెయిన్ స్విచ్ పక్కన, తెల్ల పింగాణీ బిళ్ళలో ఒక సన్నతీగ పడుకుని ఉంటుంది. వెంట్రుక కన్నా కాస్త లావు, అంతే. దాన్నే ఫ్యూజు అంటారు. ఆవిడ ఒళ్ళు తెలియకుండా పరిగెత్తుకొస్తే అది చేసే పని ఒక్కటే. చచ్చిపోతుంది. అది చస్తే దారి తెగుతుంది, ఆవిడ ఆగిపోతుంది.

వానలు మొదలయ్యే రోజుల్లో మౌలాలి ఎవరో వాడి వదిలేసిన ఫ్రిజ్ ఒకటి తెచ్చాడు. చాలీచాలని చోట దాన్ని గోడకి నెట్టాడు. నెట్టేటప్పుడు దాని వైరు ఇనప మంచం కోడు కింద పడి నలిగింది. ఎవరూ చూడలేదు. ఆవిడ చూసింది.

ఆ సాయంత్రం ఫ్రిజ్ గుర్రుమంది. సన్నతీగ ఠప్పున చచ్చింది. అప్పుడు మౌలాలి కొత్త తీగ కట్టాడు. మర్నాడు అదీ చచ్చింది. మళ్ళీ కట్టాడు. ఆ మర్నాడు అదీ చచ్చింది.

"ఏమయ్యా, మన గుమ్మంలో వరసగా ముగ్గురు చచ్చారు. ఎవరు చంపుతున్నారో చూడవా?" అంది దస్తగిరమ్మ.

"తీగ నాసిరకంది. ఏం కాదులే," అన్నాడు మౌలాలి. దూది ఏకే మిషను పాత మోటారులోంచి లావు రాగి తీగ లాగి, రెండు పేటలు చేసి అక్కడ బిగించాడు. "ఇక వీడు చావమన్నా చావడు."

నిజమే, వాడు చావలేదు. చావనివాడు కాపలా ఎలా అవుతాడు బుజ్జీ?

ఆ తర్వాత రెండ్రోజులకి ఇంట్లో చేపల కంపు మొదలైంది. పొయ్యి మీద చూస్తే గోంగూర ఉడుకుతోంది.

"ఎవరయ్యా చేపలు వేయిస్తోంది?"

"పక్కింటి ఖాసింబి పిన్ని అయ్యుంటుంది."

"పిన్ని కూతురింటికి పోయి వారమైంది. ఆ తాళం కప్ప వేయిస్తోందా చేపలు?"

"అయితే పిల్లి ఎక్కడో తెచ్చి పడేసుంటుంది. ఏం కాదులే."

తీగ మీది తొడుగు మాడితే ఒక్కోసారి అచ్చం అలాగే చేపల వాసనొస్తుంది. ఆ సంగతి వాళ్ళకి తెలీదు. దస్తగిరమ్మ బస్తాలన్నీ జరిపి వెతికింది. పిల్లీ లేదు, చేపా లేదు. వాసన మాత్రం ఆమె ఎటు తిరిగితే అటు వచ్చింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఇంటి గోడలన్నీ చెమ్మగిల్లి నల్లబడ్డాయి. స్విచ్‌బోర్డు ఉన్న చోట మాత్రం, కింద నుంచి పైదాకా, ఒక మనిషి నిలబడినంత మేర గోడ పొడిగా ఉంది. తల ఉన్నట్టే ఉంది. భుజాలు ఉన్నట్టే ఉన్నాయి. దస్తగిరమ్మ ఆ భుజం మీద చెయ్యి పెట్టింది. నువ్వు మాత్రం ఎప్పుడూ అలా పెట్టకు. గోడ జ్వరం తగిలిన పిల్ల నుదురులా కాలుతోంది.

"ఇందులో ఏదో ఉంది," అంది.

"నువ్వు చూశావా గోడలో దూరి?" అన్నాడు మౌలాలి.

"నువ్వు చూశావా, లేదనడానికి? ఇద్దరమూ చూడలేదు కదా. నా మాట తప్పయితే కరెంటు పనివాడు ఒకసారి ఊరికే వచ్చి పోతాడు. నీ మాట తప్పయితే? ఆ ఉయ్యాల వైపు చూసి చెప్పు."

మౌలాలి ఉయ్యాల వైపు చూడలేదు. "నీతో వాదించి గెలిచినవాడెవడు. వాన తగ్గాక పిలుస్తాలే. అప్పటిదాకా ఏం కాదులే," అని వసారాలోకి పోయి సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

మూడు పిలుపులూ అయిపోయాయి.

అప్పుడు ఇంట్లో బల్బు ఎర్రగా కుంగింది, తెల్లగా ఉబ్బింది. మళ్ళీ కుంగింది, మళ్ళీ ఉబ్బింది. ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు. దస్తగిరమ్మ ఉయ్యాల దగ్గరికి ఒక్క అంగ వేసింది. స్విచ్ సందులోంచి ఎర్రటి వేలొకటి బయటికొచ్చింది. బోర్డు మీద పేరుకున్న దూది నూగుని ఆ వేలు మెల్లగా తడిమింది. ఆ తర్వాత చప్పుడు లేకుండా, గోడ మీద చీమల బారు పాకినట్టు, నూగు వెంటే బస్తాల దాకా పాకింది.

నూరీ ఆ వెలుగుని చూసి నవ్వింది. చేతులు కూడా చాచింది.

దస్తగిరమ్మ పిల్లని లాక్కుని గుండెకి అదుముకుని వసారాలోకి పరిగెత్తింది. అప్పుడే మౌలాలి బిందెడు నీళ్ళతో లోపలికి దూకబోతున్నాడు. ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆగు. కరెంటు ఉండగా నీళ్ళు పోస్తే అది నిన్ను పట్టుకుంటుంది."

ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని రెండో చేత్తో మెయిన్ కిందికి లాగింది. ఆ తర్వాతే దారిచ్చింది. వీధి వాళ్ళు ఇసక తెచ్చారు, నీళ్ళు తెచ్చారు, ఆ తర్వాత ఫైరింజనూ వచ్చింది. బస్తాలు సగం పోయాయి. ఉయ్యాల పూర్తిగా పోయింది. మూడు పరుపులు మాత్రం తెల్లగా, మచ్చ లేకుండా బయటపడ్డాయి.

అయిపోయిందనుకున్నారు.

ఖాసింబి పిన్ని కబురు విని వచ్చి, తాళం తీసి, వాళ్ళని తన ఇంట్లో ఉండమంది. మూడో రోజు మధ్యాహ్నం నూరీకి నిద్రొచ్చింది. పిల్లని పడుకోబెట్టడానికి మౌలాలి ఆ తెల్ల పరుపుల్లో ఒకటి తెచ్చి పరిచాడు. దస్తగిరమ్మ దాని మీద అరచెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. మూడు రోజులుగా ఎండ మొహం ఎవరూ చూడలేదు.

ఆమె మొగుడి వైపు చూసింది. మౌలాలి నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. ఈసారి ఆ మాట అనలేదు. పరుపుని వీధిలోకి ఈడ్చి, కత్తెర తీసుకుని తనే పరపరా కోశాడు.

పైన మల్లెపూవంత తెలుపు. దాని కింద గోధుమ రంగు. ఆ కింద బొగ్గు. ఇంకా లోపల, ఎర్రగా, ఒక కన్ను. గాలి తగలగానే అది పెద్దగా తెరుచుకుంది.

మూడు రోజులుగా దూదిని లోపల్లోపలే తింటూ, పిల్లని తెచ్చి తన మీద పడుకోబెడతారని ఎదురు చూస్తోంది.

మూడు పరుపుల్నీ ముక్కలుగా కోసి నీళ్ళలో ముంచారు. బుసబుసా ఆవిరి లేచింది. అది అణిగేదాకా ఎవరూ కదల్లేదు.

"ఇంత లోపలికి ఎలా వచ్చిందిరా అబ్బాయ్ ఇది?" అంది ఖాసింబి పిన్ని.

మౌలాలి తడి దూదిలో చతికిలబడి ఉన్నాడు.

"నేనే రమ్మన్నాను పిన్నీ," అన్నాడు. "మూడుసార్లు."

కథేమో కంచికి చేరింది,
కునుకేమో కంటికి చేరింది,
ఇల్లంతా ఒకసారి వాసన చూసి
అమ్మమ్మ నీ పక్కకి చేరింది.