ఐలవ్వ ఆగిన చోటు

పరంధాములుకి వచ్చిన కష్టం ఇది: అతను అంత ముచ్చటగా పేజీలు కట్టిన తత్వాల పుస్తకం పట్టుకుని ఎవరూ పాడలేకపోతున్నారు.

ఆరాధన రోజున భజనవాళ్లు మొదలైతే పెట్టారు. రెండో చరణానికే హార్మోనియం రాజలింగం దగ్గు అందుకున్నాడు. తాళాలది ఒక దారి, గొంతులది ఒక దారి. చివరికి పుస్తకాలు మూసి, నోటికొచ్చిన హారతి పాటేదో పాడి లేచిపోయారు.

"పుస్తకంల ఒక్క తప్పుందా అయ్యా? కండ్లు గుంజంగ దిద్దిన. పాడుడు రాక నా పేజీలను అంటున్నరు," అని ఆశ్రమం గురువు వీరదాసు ముందు పరంధాములు మొరపెట్టుకున్నాడు.

తప్పులు లేనిమాట నిజమే. పట్నంలో డీటీపీ నేర్చుకొచ్చి ఆశ్రమం కంప్యూటరు ముందు కూచున్న నాటి నుంచి పరంధాములు మామూలు మనిషి కాదు. మౌసు పట్టిన చేత్తో చీపురు పట్టడం మానేశాడు.

తత్వాలు ఐలవ్వవి. ఆమెకు అక్షరమ్ముక్క రాదు. గుట్ట మీది పెద్దగురువు సమాధికి రోజూ నీళ్లకుండ మోసేది, మోస్తూ పాడేది. ఆ పాటలే పరంధాములు పక్కన కూచుని చెప్పింది. ఒక ముక్క చెప్పి ఆగేది. అతను ఎంటరు కొట్టేవాడు. చిన్న చిన్న లైన్లు, పక్కనంతా తెల్లకాగితం. ఆ పేజీ అతని కంటికి పళ్లూడిన నోరులా కనిపించింది. ఎంటర్లన్నీ పీకేసి, పాటను ఒక్క ముద్ద చేసి పేజీలోకి వదిలాడు. ఇక లైను ఎక్కడ విరగాలో కంప్యూటరే చూసుకుంది. అంచు తగిలిన చోట విరిచి, మిగతాది కిందికి నెట్టింది. రెండు అంచులూ మేస్త్రీ గోడ కట్టినట్టు వచ్చాయి.

ప్రూఫు చూపిస్తే ఐలవ్వ కాగితాన్ని వేలితో తడిమింది.

"బిడ్డా, ఈడ తెల్లగ ఉండె గదా. ఏమాయె?"

"నింపిన అవ్వా."

"నాకు ఆయాసమొస్తదిరా."

"కాగితం మీద ఆయాసమేందే ముసలీ! ఉండు, పక్కన మందు సీస బొమ్మ గూడ అచ్చేయిస్త."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఐలవ్వ కూడా నవ్వింది.

తర్వాత మంచం పట్టింది. పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆమె లేదు.

గురువు పరంధాములు మొర అంతా విన్నాడు. పుస్తకం అందుకుని లేచాడు.

"అవ్వ కుండ నింపి ఎత్తుకో. గుట్ట ఎక్కుకుంట పాడు. నేను పుస్తకం సూస్త. లైను అయిపోయినకాన్నే ఆగాలె."

పరంధాములు కుండ భుజాన పెట్టుకుని, కంఠతా వచ్చిన తత్వం అందుకున్నాడు.

"కుండ నాదంటి..."

దారి మొదటి మలుపులో కానుగచెట్టు కింద నున్నటి బండ ఉంది. కుండ దించబోయాడు.

"లైను అయిపోలే," అన్నాడు గురువు.

"నీళ్లు నావంటి..."

ఇంకో బండ. అదీ దాటించాడు. నిట్టనిలువు ఎక్కుడు, కాళ్ల కింద జారే గులకరాళ్లు. ఒక కాలు పైన, ఒక కాలు కింద.

"ఆగు."

"ఈడనా అయ్యా!"

"కంప్యూటరు ఈడనే అన్నది."

ఎండలో, ఒంటికాలి కొంగలా పరంధాములు ఆగాడు. కుండ తొణికి వీపు తడిసింది. ఊపిరి కుదుటపడకముందే "నడువు" అన్నాడు గురువు. పైకి చేరేసరికి పాట లేదు, రొప్పు ఒక్కటే ఉంది. గురువు పుస్తకం మూసి అతని చేతికిచ్చి దిగిపోయాడు.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే పరంధాములు కుండ ఎత్తుకున్నాడు. ఈసారి పుస్తకం లేదు. కానుగ కింది బండ దగ్గరికి వచ్చేసరికి "కుండ నాదంటి" అయిపోయింది. బండ మీద, కుండ దించీ దించీ గుండ్రంగా అరిగిన గుంట ఉంది. తన కుండ అందులో పెట్టాడు. సరిగ్గా కూచుంది. తర్వాతి బండ దగ్గర "నీళ్లు నావంటి" అయిపోయింది. ఆపైన "మోసేదెవ్వరో". ప్రతి బండ మీదా ఒక గుంట.

కిందికి వచ్చి కంప్యూటరు తెరిచాడు. ఒక్కో బండనూ తలుచుకుంటూ, ఒక్కో ముక్క దగ్గర ఎంటరు కొడుతూ పోయాడు. పేజీ మళ్లీ పళ్లూడిన నోరయింది. ఈసారి అది ఎవరి నోరో గుర్తుపట్టాడు.

ఆఖరి తత్వం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది ఐలవ్వ మంచంలో చెప్పింది. దానికి గుట్ట లేదు, బండలు లేవు. అప్పటికి ఎంటరు కొట్టడం కూడా మానేసి, గబగబా ముద్దగానే టైపు చేసుకున్నాడు. ఆమె ఎన్నోసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా అతను గోడగడియారం చూశాడు. అది మాత్రం బాగా గుర్తుంది.

గురువు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అయ్యా, దీంట్ల అవ్వ యాడ ఆగిందో తెలుస్తలేదు."

"అప్పుడు అడగకపోయినవా?"

"ఆయాసమంటే నవ్విన గదయ్యా."

గురువు లోపలికి వచ్చి తెర మీది ఆ నిండు పేజీని చూశాడు.

"అట్లయితే, దీంట్ల నువ్వు ఆగు."