వాసెన కట్టిన కుండ

ఒక చలి ఊళ్లో, మూడో అంతస్తులో ఒక తల్లీ కూతురూ ఉండేవారు. వాళ్ల కిటికీ గట్టు మీద ఒక తొట్టి, తొట్టిలో కరివేపాకు మొక్క. తల్లి దాన్ని తను పుట్టిన ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. అలాంటి మొక్క ఆ ఊరు మొత్తంలో ఇంకొకటి లేదు.

వచ్చినప్పుడు దానికి పదకొండు రెబ్బలు. ఇప్పుడు నాలుగు. తల్లి పొద్దున లేవగానే ముందు మొక్కను చూసేది, తర్వాత నిద్రపోతున్న కూతురి నుదురు ముట్టుకునేది.

వంటింట్లో మిగిలిన తొక్కలూ పొట్టూ కుళ్లబెట్టి వేస్తే మొక్క నిలుస్తుందని ఎవరో చెప్పారు. తల్లి ఒక మట్టికుండ కొని, కడిగి, ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచింది. అరటితొక్క, ఉల్లిపొట్టు, వడకట్టిన టీపొడి మట్టిలో కలిపి అందులో వేసింది. మూతికి తెల్లగుడ్డ చుట్టి వాసెన కట్టింది. ఆవకాయ జాడీకి ఆమె కట్టేదీ అలాగే.

రోజూ తడి లేని చేత్తో గుడ్డ విప్పి, పొడి గరిటెతో కదిపి చూసేది. నల్లబడిన ముక్క కనబడితే తీసి పారేసేది. బూజు చుక్క కనబడితే చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేసేది. పాడైనదేదీ తన మొక్కకు అందకూడదు.

కుండలో ఉన్నవాటికి భయం పట్టుకుంది.

"కదలకు," అంది ఉల్లిపొట్టు. "రంగు మారిందంటే అంతే సంగతులు. నిన్న మీ అన్నను తీసుకుపోయింది."

"నాకు మెత్తబడాలని ఉందే," అంది అరటితొక్క.

"సిగ్గులేదూ? అరటితొక్కవు అరటితొక్కలా ఉండు."

"నాకా బాధ లేదు," అంది టీపొడి. "ఉన్న రంగంతా ఎవరో తాగేశారు. ఇంక మారటానికి నా దగ్గరేముంది?"

అలా ఆ కుండలో ఎవరూ ఏమీ కాలేదు.

సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి కబుర్లు చెప్పేది. మధ్యలో ఆ చలి ఊరి మాట ఒకటి దొర్లేది. తల్లి వెంటనే దాన్ని తీసేసి, ఆ చోట తన ఊరి మాట పెట్టేది. కూతురు మళ్లీ మొదటి నుంచి చెప్పేది. కొన్నాళ్లకు కబుర్లు తగ్గాయి.

చలి ముదిరేసరికి మొక్కకు ఒక్క రెబ్బ మిగిలింది.

ఆ రోజు తల్లి గుడ్డ విప్పి కుండ కదుపుతుంటే, పక్క వాటా పెద్దావిడ తోడుకు మజ్జిగ అడగటానికి వచ్చింది. ఆవిడ ఎన్నో ఏళ్ల కిందట ఆ ఊరు చేరి, రెండు ఊళ్ల మాటలూ కలిపి మాట్లాడే మనిషి.

"ఏం చేస్తున్నావే అమ్మాయ్?"

"ఎరువండీ పిన్నిగారూ. మూడు నెలలైంది."

ఆవిడ కుండలోకి తొంగి చూసింది. "మూడు నెలల తొక్కలు ఇలా నిగనిగలాడుతున్నాయేమిటే! ఎరువు పెడుతున్నావా, ఊరగాయ పెడుతున్నావా?"

కూతురు కిసుక్కున నవ్వింది.

"పాడైనవి ఎప్పటికప్పుడు తీసేస్తున్నానండీ," అంది తల్లి.

"అయ్యో నా తల్లీ! నువ్వు తీసేసిందే ఎరువు. ఉంచుకున్నది చెత్త."

తల్లి ఆ ఒక్క రెబ్బ వైపు చాలాసేపు చూసింది. తర్వాత కుండ ఎత్తి పెద్దావిడ చేతుల్లో పెట్టింది.

"మీ దగ్గర ఉంచండి. నా చెయ్యి ఊరుకోదు. అడిగినా ఇవ్వకండి."

"అడుగుతావుగా?"

"రోజూ అడుగుతాను."

అడిగింది కూడా. "పిన్నిగారూ, ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను."

"పోవే, వెళ్లి నీ జాడీ చూసుకో."

కుండలో చీకటి కుదురుకుంది. ముందు అరటితొక్క మెత్తబడింది.

"ఎక్కడున్నావు?" అని అడిగింది ఉల్లిపొట్టు.

"ఇక్కడే."

"ఆ మాట అన్నది నువ్వా, నేనా?"

టీపొడి కూడా చెప్పలేకపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు.

చలి తగ్గాక కుండ ఇల్లు చేరింది. తల్లి గుడ్డ విప్పి వేళ్లతో వెతికింది. తొక్క దొరకలేదు, పొట్టు దొరకలేదు. అంతా నల్లటి పొడిపొడి మట్టి. వాసన చూసింది. తొలకరికి తడిసిన తన ఊరి నేల వాసన. పిడికెడు తీసి మొక్క మొదట్లో వేసింది.

మూడు వారాల తర్వాత, పొద్దున్నే కూతురు కేక పెట్టింది. మొక్కకు చిగుళ్లు వచ్చాయని చెప్పింది. అంతా ఇంటి మాటే, చిగురు అన్న ఒక్క మాట తప్ప. ఆ మాట ఆ ఊరిది.

తల్లి నోరు తెరిచింది. కూతురు ఆగిపోయి, దిద్దుబాటు కోసం నిలబడింది.

తల్లి ఆ ఊరి మాటనే పలికింది, కొంచెం తప్పుగా. "ఎన్ని వచ్చాయి?" అని అడిగింది.

"అలా కాదమ్మా!" అని కూతురు నవ్వి, ఎలా పలకాలో నేర్పింది. తర్వాత లెక్కపెట్టింది. అయిదు. బడికి వేళయ్యేదాకా ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం తల్లి ఆవకాయ జాడీకి గుడ్డ ఇంకాస్త బిగించి కట్టింది. కుండలో ఆ పూట తొక్కలు వేసి, మూత పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.