నూకరత్నం కొంగున బెల్లం ముక్క

మైత్రీ, అనగనగా చెరకు తోటల నడుమ ఒక ఊరు. ఇది మీ అమ్మమ్మ చెప్పే కథ. ఆవిడ చెబితే వరస తప్పదు. ఆవిడ ఎక్కే బస్సు రేపటికి గానీ రాదు, మనమేమో ఇవాళే ఆస్పత్రి నుంచి వచ్చాం. అందుకని ఈ ఒక్క రాత్రికి నేను చెబుతాను. ఆవిడ చెప్పినట్టే చెప్పాలంటావు. సరే. తప్పు చెబితే దిద్దు.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఊరందరి బెల్లమూ ఆవిడ నాలుక మీదే నడిచేది. ఎలాగంటే, గానుగలో చెరకు ఆడి, ఆ రసాన్ని గదంత పెనంలో పోసి కాచేవాళ్ళు. రసం కాగి కాగి పాకమయ్యేది. అప్పుడు నూకరత్నం గరిటె చివర నుంచి ఒక చుక్క తీసుకుని, ఊదుకుని, నాలుక మీద వేసుకునేది. కళ్ళు మూసుకునేది. "ఇంకా ఉంది" అంటే పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసేవాళ్ళు. "దించండి" అంటే దించేవాళ్ళు. కాస్త ముందు దించితే బెల్లం గట్టిపడదు. కాస్త ఆలస్యమైతే మాడిపోతుంది.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. దించిన పాకం అచ్చుల్లో పోస్తారు కదా. మొదటి అచ్చులోంచి మొదటి ముక్క, పాకం చూసినవాళ్ళది. అందరూ చూస్తుండగా అక్కడే తినాలి. తినకపోతే పొయ్యికి కోపం వస్తుందని, ఆ ఏడు బెల్లం నిలవుండదని నమ్మకం. నూకరత్నం ఆ ముక్క కోసం పొద్దున్నే చద్దన్నం తగ్గించి తినేది. పెళ్ళి భోజనానికి ముందు నువ్వు చేసే పనే.

ఆ తర్వాత ఒక ఏడాది ఆవిడకి దాహం పట్టుకుంది. ఒక కడవ నీళ్ళు తాగింది, తీరలేదు. రెండో కడవ తాగింది, తీరలేదు. మూడో కడవ కూడా తాగి, అప్పుడూ తీరక కూర్చుంది. ఒళ్ళు చిక్కిపోయింది. రవికెలు వదులయ్యాయి. దొడ్లో ఆవిడ వెళ్ళొచ్చిన చోటికి చీమలు బారులు కట్టాయి. నవ్వకు. అమ్మమ్మయితే ఇక్కడ నీకంటే ముందు తనే నవ్వుతుంది.

అప్పుడు వైద్యం చేసే ఆచారిగారు వచ్చి ఆ చీమల్ని చూశాడు. నాడి కూడా పట్టుకోలేదు.

"ఇది తీపి జబ్బు, రత్నం."

"ఎన్నాళ్ళుంటది బాబూ?"

"నువ్వెన్నాళ్ళుంటే అదీ అన్నాళ్ళుంటుంది."

నూకరత్నానికి ఆ మాట తలకెక్కలేదు. జ్వరమైతే మూడు రోజులు. ఆటలమ్మయితే తొమ్మిది రోజులు. ఎప్పటికీ పోని జబ్బేమిటి?

"బెల్లం తిన్నందుకా?"

"కాదు. నువ్వు చేసిన తప్పేం లేదు."

"మరెందుకొచ్చింది?"

"నాకూ తెలీదు" అన్నాడు ఆచారి. తెలీదని చెప్పే వైద్యుణ్ణి ఆవిడ అంతవరకూ చూడలేదు. ఆయన ఒక పొడి ఇచ్చాడు. పూటకి చిటికెడు, అన్నంతో పాటు వేసుకోమన్నాడు. తీపి మాత్రం ముట్టుకోవద్దన్నాడు.

అప్పుడు ఊరు కదిలింది. పక్కింటామె వచ్చి, "కాకరకాయ రసం తాగవే, అదే విరుగుడు" అంది. ఎదురింటామె వచ్చి, "మెంతులు నానేసుకుని నములు" అంది. మూడో ఇంటామె వచ్చి, "అసలేదీ తినకే అప్పా. తింటే కదా తీపవ్వడానికి" అంది. నూకరత్నం ఎవరి మాటా కాదనలేకపోయింది. ఒకే రోజు కాకర రసం తాగింది, మెంతులు నమిలింది, అన్నం మానేసింది. ఆచారి ఇచ్చిన పొడి మాత్రం రెండు పూటలదీ కలిపి వేసుకుంది. తొందరగా తగ్గుతుందని.

మధ్యాహ్నానికి చేలో చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడింది. ఆచారి పరుగున వచ్చి, ఎవరి చేతిలోదో బెల్లం ముక్క లాక్కుని, "చప్పరించు, ముందిది చప్పరించు" అని నోటికి అందించాడు. కాసేపటికి వణుకు తగ్గింది. ఆవిడ లేచి కూర్చుని ఆయన వంక చూసింది.

"మొన్నేమో ముట్టుకోవద్దన్నావు. ఇవాళ నువ్వే నోట్లో పెట్టావు. ఇంతకీ బెల్లం నాకు చుట్టమా, శత్రువా?"

ఆచారి గడ్డం గోక్కున్నాడు. "రోజును బట్టి" అన్నాడు.

ఇక్కడ నాకూ అర్థం కాదు, తల్లీ. ఆస్పత్రిలో నర్సమ్మ కూడా ఈ మాటే చెప్పింది. రెండుసార్లు అడిగాను. కాగితం మీద రాయించుకున్నాను. సరే, కథలోకి వద్దాం.

ఆ తర్వాత ఊరికి నూకరత్నం మీద ప్రేమ ఎక్కువైంది. ఆవిడ గానుగ దారిన వెళితే బెల్లం అచ్చుల మీద గోనె కప్పేవాళ్ళు. పిల్లలు తింటున్న నువ్వుండలు వీపు వెనక దాచేవాళ్ళు. ఇవి రెండూ ఆవిడ ఓర్చుకుంది. మూడోదే ఓర్చుకోలేకపోయింది. పాకం చూడ్డానికి ఆవిణ్ణి పిలవడం మానేశారు.

వాళ్ళే చూసుకున్నారు. మొదటి పెనం ముందే దించారు, బెల్లం కట్టలేదు, అచ్చులోంచి జారిపోయింది. రెండో పెనం మాడ్చారు, గేదె కూడా మూతి తిప్పుకుంది. మూడోది గట్టిపడినట్టే పడి, పట్టుకుంటే ఇసకలా రాలింది.

అప్పుడు గానుగ నడిపే సింహాచలం నూకరత్నం గుమ్మం ముందుకి వచ్చి కూర్చున్నాడు. మొదటి రోజు దూడ సంగతి మాట్లాడి వెళ్ళాడు. రెండో రోజు మబ్బు సంగతి మాట్లాడి వెళ్ళాడు. మూడో రోజు మాటలు దొరక్క ఊరికే కూర్చున్నాడు.

"ఏటి మామా, నా గుమ్మం అరిగిపోతంది" అంది నూకరత్నం.

"పిలవాలనే వచ్చానే. పిలిస్తే నిన్ను చంపినట్టేనంటంది ఊరు."

"పిలవకపోతే బతికున్నట్టా ఇది?"

సింహాచలం లేచి తుండు దులుపుకున్నాడు.

"రేపొస్తాను" అంది ఆవిడ. "ఎలా చూస్తానో మాత్రం నాకూ తెలీదు."

తెల్లారి వెళ్ళింది. పెనం ముందు పీట మీద కూర్చుంది. పాకం దగ్గరపడింది. అలవాటుగా వేలు గరిటె మీదికి పోయింది, అక్కణ్ణుంచి నోటి దాకా పోయింది. వేలు సగంలో ఆగింది. ఆవిడ దాన్ని కొంగుకి తుడుచుకుంది.

"దించాలా?" అన్నాడు సింహాచలం.

"ఉండు."

ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. నాలుక లేని తను ఎవరో కూడా తోచలేదు. పాకం ఆగదు కదా, ఉడుకుతూనే ఉంది. ఏమీ తోచక కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళూ పాకం చూసిన ప్రతిసారీ మూసుకున్నట్టే.

అప్పుడు వినబడింది. మొదట బుసబుస. ఆ తర్వాత గుడగుడ. ఆ తర్వాత, అడుగు నుంచి బరువుగా, తపక్, తపక్. ఈ చప్పుడు తనకి తెలుసు. చుక్క నాలుక మీద పడకముందే రోజూ చెవిలో పడుతున్న చప్పుడే ఇది.

అయినా నమ్మకం చాలలేదు. ఒక గిన్నెడు నీళ్ళూ, ఇత్తడి పళ్ళెమూ తెమ్మంది. పాకం చుక్క నీళ్ళలో వేసి, ఉండ చేసి, పళ్ళెంలోకి విసిరింది. అది చప్పుడు లేకుండా అతుక్కుంది. కాసేపాగి రెండోది విసిరింది. టప్ మంది. ఇంకాసేపాగి మూడోది విసిరింది. ఠంగుమంది.

"దించండి."

"నాలుకతో కదే చూడాల్సింది" అని గొణిగాడు ఒక ముసలాయన.

"నాలుకకి వద్దన్నారు గానీ తాతా, చెవికి వద్దన్లేదుగా."

బెల్లం కట్టింది. తేనె రంగులో కట్టింది. సింహాచలం మొదటి అచ్చు విప్పి, మొదటి ముక్క విరిచి, చెయ్యి చాచాడు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. తింటే జబ్బుకి లోకువ. తినకపోతే పొయ్యికి కోపం. అందరూ ఆచారి వంక చూశారు. ఆచారి ఆకాశం వంక చూశాడు.

నూకరత్నం ఆ ముక్కని అందుకుంది. ఆ తర్వాత కొంగు విప్పి, ముక్క అందులో పెట్టి, గట్టిగా ముడేసింది.

"తింటాను. ఇప్పుడు కాదు. చేతులు వణికిన రోజున."

"పొయ్యికి కోపమొస్తే?"

"రానీ. ముప్పై ఏళ్ళుగా దాని మంట నేను పడ్డాను. ఒక్క ఏడు నా మంట అది పడుతుంది."

సింహాచలం ముందు నవ్వాడు. ఆ తర్వాత ఊరు నవ్వింది. ఆ ఏడు బెల్లం నిలవుందా అంటావా? వానల దాకా ఉంది. ఆ తర్వాత అయిపోయింది, తినేశారు.

ఆనాటి నుంచి ఆవిడ కొంగున ముక్క లేని రోజు లేదు. సంత దారిలో ఒకసారి అవసరపడింది. పెనం పక్కనే ఒకసారి అవసరపడింది. అవసరపడక కొంగులోనే కరిగి చీర పాడుచేసింది కూడా, చాలాసార్లు. కొన్ని రోజులు బాగుండేది. కొన్ని రోజులు లేవలేకపోయేది, అన్నీ సరిగ్గా చేసిన మర్నాడే లేవలేకపోయేది, ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి రోజున ఆవిడ నేర్పిన ఆడపిల్లలు కళ్ళు మూసుకుని పాకం వినేవాళ్ళు. ఆ బెల్లం కాస్త మాడేది. ఊరు అదే తినేది. జుట్టు ముగ్గుబుట్టయ్యేదాకా నూకరత్నం ఆ పీట దిగలేదు. మనవరాలి పెళ్ళిలో బూరె సగం తుంచుకుని తింది, మిగతా సగం ఆచారి లాక్కున్నాడు.

జబ్బు తగ్గిందా అని అడుగుతావు. ఆస్పత్రి నుంచి వస్తూ ఆటోలో కూడా అడిగావు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

తగ్గలేదు, తల్లీ. చిన్నప్పుడు నేను ఏడ్చేదాన్ని, తగ్గిందని చెప్పవే అమ్మా అని. అమ్మమ్మ ఎన్ని మార్చినా అది మార్చేది కాదు. ఇవాళ నేను మార్చి చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

రేపు పొద్దున నీకు ఇన్సులిన్ సూది నేనే వేస్తాను. నా చెయ్యి వణికితే నువ్వు నవ్వు, పరవాలేదు. నీ బడి సంచి చిన్న జేబులో, ఆస్పత్రి వాళ్ళిచ్చిన గ్లూకోజ్ బిళ్ళల పక్కన, ఒక బెల్లం ముక్క ముడేసి పెట్టాను. ఎప్పుడు తినాలో కాగితంలో ఉంది. కాగితం కంటే, నాకంటే ముందు నీకే తెలుస్తుందేమో.

కళ్ళు మూసుకో. ఈ పాట మాత్రం నాకు సరిగ్గా వచ్చు.

పిప్పి పొయ్యికి, పాకం పళ్ళేనికి,
చప్పుడు చెవికి, ముక్క కొంగుకి,
ముడి నడుముకి, నిద్ర కంటికి,
కథ వెళ్ళింది కంచికి,
మనం ఇవాళే వచ్చాం ఇంటికి.