మొదటి నంబరు

సోమయాజులుకి ఆ సాయంత్రం రెండు పనులు తెమలాలి. ఒకటి, మర్నాటి వీడ్కోలు సభలో గురువుగారి మీద చదవాల్సిన వ్యాసం. రెండోది, మాలపల్లె నుంచి వచ్చిన దావీదు దరఖాస్తు.

వ్యాసం పద్నాలుగు పేజీలు తేలింది. అచ్యుతరామయ్య పంతులుగారు ఆ కాలేజీకి ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రిన్సిపాలు. తాటాకు పాకని రెండంతస్తుల మేడ చేశారు. ఎల్లుండి నుంచి ఆ కుర్చీ సోమయాజులుది.

దరఖాస్తు ఒక్క ముక్కలో తేలిపోయింది. ఆ కుర్రాణ్ణి చేర్చుకుంటే తమ పిల్లల్ని మాన్పిస్తామని ఊరి పెద్దలు చెప్పి వెళ్లారు. ‘వీలుపడదు’ అని రాసి పక్కన పెట్టాడు.

గురువుగారికి వ్యాసం చదివి వినిపించాడు. “ఏటా హాజరుపట్టీలో మొదటి నంబరు భగవంతుడికి వదిలి, రెండో నంబరు నుంచే పేర్లు రాయించిన మహాభక్తులు...”

“ఆగు. భగవంతుడికని ఎవరు చెప్పారోయ్?”

“అందరూ అనుకునేదేనండీ. శ్రీకారం కోసమని.”

పంతులుగారు కళ్లజోడు పెట్టుకుని పట్టీ తెరిచారు. క్లాసులో పిలిచినట్టే పిలిచారు.

“నంబర్ వన్!”

గదిలో ఉన్నది ఇద్దరే. పెద్దాయనకి మతి తప్పుతోందని సోమయాజులు జాలిపడ్డాడు.

“ప్రెజెంట్, సార్!”

సోమయాజులు ఉలిక్కిపడి తిరిగాడు. గుమ్మం అవతల, గంట కొట్టే ఏసోబు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా అతని గంట విన్నాడే గాని, గొంతు వినడం అదే మొదలు.

“నేనీ కుర్చీలో కూర్చుని చేసిన మొదటి పని ఇతని పేరు కొట్టేయడం,” అన్నారు పంతులుగారు. “పరీక్షలో ఫస్టున వచ్చాడు. పదకొండుమంది తండ్రులు వచ్చి కూర్చున్నారు. నాకు భయమేసింది.”

సోమయాజులు ఏసోబు వైపు చూశాడు. “మరి... నువ్వు?” అన్నాడు.

“పాఠం ఇనపడే చోటేదన్నా ఇప్పించండయ్యా అన్నానండి,” అన్నాడు ఏసోబు. “గంట కాడ కిటికీ ఉందండి.”

సోమయాజులు వ్యాసం బల్ల మీద పెట్టేశాడు. ఆ పద్నాలుగు పేజీల్లో ఈ మనిషి ఎక్కడా లేడు.

పంతులుగారు దావీదు దరఖాస్తు తీసి అతని ముందు పెట్టారు.

“ఏసోబు కూడా రేపటితో మానేస్తున్నాడు. గంటకి మనిషి కావాలి. ఈ కుర్రాణ్ణి పెట్టుకుంటావా?”

 సోమయాజులు కలం సిరాలో ముంచి, కొత్త హాజరుపట్టీ తన ముందుకి లాక్కున్నాడు.