పదకొండో పేరు

ఫక్రుద్దీన్‌కు ఒక పదేళ్ళ పిల్లంటే భయం. పాతికేళ్ళ మగవాడు, నిండుగా గడ్డం ఉన్నవాడు, ముప్ఫైమంది పిల్లలకు ఉస్తాదు. కనుమ దారిలో చిరుత తిరుగుతోందని తెలిసి కూడా ఒంటరిగా ఊరికి పోయివచ్చే మనిషి. అలాంటివాడు రోజూ పొద్దున పాఠానికి బయల్దేరేటప్పుడు, ఆ పిల్లకు ఇవాళ కాస్త జ్వరం తగిలి రాకుండా ఉంటే బాగుండునని అనుకునేవాడు. అనుకున్నాక, ఛీ, ఇదేం కోరికరా అని తనను తానే తిట్టుకునేవాడు.

ఆ పిల్ల పేరు దస్తగిరమ్మ. దూదేకుల హుస్సేనప్ప కూతురు. ఐదో ఏట పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వినికిడి పోయింది. ఊళ్ళో పిల్లలు ఆటలకు రానివ్వడం మానేశారు. పెద్దవాళ్ళు పలకరించడం మానేశారు. ఇంట్లో దూది గదిలో పొద్దస్తమానం ఒక్కతే కూర్చునే బిడ్డను చూడలేక హుస్సేనప్ప ఆమెను కొండ కిందికి తెచ్చి, జలాల్ బాబా తకియాలో వదిలిపెట్టాడు. తకియా అంటే ఫకీర్లు ఉండే చోటు. బాబా తకియాలో చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు చదువు కూడా చెప్పేవాళ్ళు.

అక్కడ ఒక మర్యాద ఉంది. ఉస్తాదు నోరు తెరిస్తే పిల్లలు తల దించాలి. బాబాకు గురువు, ఆ గురువుకు గురువు, అలా వెనక్కి పోతూ ఇరవై రెండు మంది పెద్దల పేర్లు వరసగా చెప్పేటప్పుడైతే కన్నెత్తి చూడనే కూడదు. చూపు చాప మీద ఉండాలి, చెవి ఉస్తాదు మీద ఉండాలి.

చెవి లేని దస్తగిరమ్మ మాత్రం చూసేది. ముందు వరసలో కూర్చుని, రెప్ప వేయకుండా ఉస్తాదు నోటికేసే చూసేది. పాత ఉస్తాదు ఆమెను ఒక్కనాడూ ఏమీ అనలేదు. పైగా ఆమెకు ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పేవాడు. ఆయన హజ్‌కు పోతూ తన చోటు ఫక్రుద్దీన్‌కు అప్పగించాడు. "ఇరవై రెండు పేర్లూ నోటికి వచ్చు గదా?" అని అడిగాడు. వచ్చునన్నాడు ఫక్రుద్దీన్.

ఇరవై ఒకటి వచ్చు. పదకొండోది రాదు.

పుస్తకం చూసి నేర్చుకుందామంటే, సరిగ్గా ఆ పేరున్న చోటే చెద తినేసింది. బాబాను అడుగుదామంటే, వచ్చునని చెప్పిన నోటితో ఎట్లా అడగడం? అందుకని పదో పేరు కాగానే చిన్నగా దగ్గి, నోట్లో ఏదో గొణిగి, పన్నెండో పేరు గట్టిగా అందుకునేవాడు. తలలు దించుకున్న పిల్లలు కూడా అక్కడికి రాగానే దగ్గి, గొణిగి, పన్నెండో పేరు గట్టిగా అందుకునేవాళ్ళు. కొత్త ఉస్తాదు పాఠమంటే అదేననుకున్నారు పాపం.

ఆ దగ్గు దగ్గర దస్తగిరమ్మ కనుబొమలు దగ్గరపడేవి. చూపు ఇంకాస్త గుచ్చుకునేది. ఫక్రుద్దీన్‌కు వీపంతా చెమట పట్టేది. ఈ పిల్లకు తెలిసిపోయింది. ఇవాళో రేపో బాబాకు చెబుతుంది. పెద్దల పేరు మింగినవాణ్ణి ఈ తకియాలో ఎవరుంచుకుంటారు?

నాలుగో రోజున, తల దించమని ఆమెకు సైగ చేశాడు. దించింది, కాసేపటికి మళ్ళీ ఎత్తింది. పక్కన కూర్చునే పిల్లకు ఒక పని చెప్పాడు, దస్తగిరమ్మ తలెత్తినప్పుడల్లా మెడ మీద చెయ్యి వేసి వంచమని. అదీ చాలలేదు. ఆ చెయ్యి కిందనుంచి కూడా ఆ కళ్ళు పైకి చూస్తూనే ఉండేవి. అప్పుడు పుస్తకం ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి అతని భయం కొంచెం తగ్గింది.

దస్తగిరమ్మ చదువు కూడా ఆనాడే ఆగిపోయింది.

నెలకొకసారి, నెలపొడుపు కనపడిన మర్నాడు, ఆ నెలలో నేర్చుకున్న దువాను, అంటే ప్రార్థనను, పిల్లలు బాబా ముందు నిలబడి అప్పజెప్పాలి. వరసగా మూడు నెలలు తప్పినవాళ్ళు ఇంటికి పోవాలి. దస్తగిరమ్మ రెండు నెలలు లేచి నిలబడింది, నోరు విప్పకుండా కూర్చుంది. మూడోసారి రేపు. బండి తీసుకుని రమ్మని హుస్సేనప్పకు కబురు కూడా పోయింది.

ఆ మధ్యాహ్నం ఫక్రుద్దీన్ బాబా దగ్గరికి పోయాడు. బాబా అరుగు మీద చిరుగుల బొంత పరుచుకుని కుట్టుకుంటున్నాడు.

"బాబా, ఆ చెవిటి పిల్లను ఈ పొద్దే పంపించేస్తే మేలు. రేపు అందరి ముందరా నిలబెట్టి బాధ పెట్టేదెందుకు?"

"సూదిలోకి దారం ఎక్కించు," అన్నాడు బాబా. "నాకు కండ్లు ఆనడంలేదు."

ఫక్రుద్దీన్ సూది తీసుకున్నాడు. దారం కొన తడిచేసి బెజ్జం దగ్గరికి తెచ్చాడు. పక్కనుంచి పోయింది. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ పోయింది.

"చేతులెందుకు వణుకుతాండాయి?"

"ఏం లేదు బాబా."

"ఆ పిల్ల నిన్నేమన్నా అంటాదా?"

"ఏమీ అనదు. చూస్తాది."

"చూస్తే?"

"మర్యాద గాదు గదా బాబా. పెద్దల పేర్లు చెప్తాంటే మొగంలోకి చూడొచ్చునా?"

బాబా సూదీ దారమూ వెనక్కి తీసుకుని బొంతకు గుచ్చి పెట్టాడు. "రేపు చూద్దాంలే, పో," అన్నాడు.

ఆ మాట ఫక్రుద్దీన్‌ను మరీ భయపెట్టింది. కోప్పడి ఉంటే ఇంత భయపడేవాడు కాదు. మాట దాటేసి, అంత మెల్లగా ఎందుకన్నట్టు? ఆ పిల్ల చెప్పేసిందా? ఎట్లా చెప్పింది?

తెల్లారేసరికి తకియా ముందు ఒంటెద్దు బండి ఆగి ఉంది. హుస్సేనప్ప తలగుడ్డ తీసి చేత పట్టుకుని గడప అవతల నిలబడ్డాడు. బండిని దస్తగిరమ్మ కూడా చూసింది. ఎవరూ చెప్పకుండానే బట్టల మూట కట్టుకుని పక్కన పెట్టుకుంది. చాప అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎవరో వచ్చి లాగితే తప్ప వదలనన్నట్టు పట్టుకుంది. ఆ చేతుల్ని చూసి ఫక్రుద్దీన్ మొహం తిప్పుకున్నాడు.

బాబా వచ్చాడు. వచ్చి తన గద్దె మీద కాక, పిల్లల వరసలో, దస్తగిరమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ముందు నువ్వు చెప్పు ఫక్రుద్దీన్. పెద్దల పేర్లతో మొదలుపెట్టు."

ఫక్రుద్దీన్ పుస్తకం ఎత్తాడు. బాబా చెయ్యి చాపాడు. ఊరికే చాపి ఉంచాడు. ఫక్రుద్దీన్ పుస్తకం ఇవ్వక తప్పలేదు. బాబా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దస్తగిరమ్మ గడ్డం కింద ఒక వేలు ఆనించి ఆమె తలను పైకెత్తాడు. మెడ వంచడం అలవాటైన పక్కపిల్ల చెయ్యి సగం దాకా వచ్చి, బాబాను చూసి వెనక్కి పోయింది.

ఫక్రుద్దీన్ మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరుకూ బాబా తన ఛాతీ మీద చెయ్యి ఆనించుకుంటున్నాడు. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది.

దగ్గు వచ్చింది. దాని వెనక రావలసిన గొణుగుడు మాత్రం రాలేదు. అంత దగ్గరగా బాబా కూర్చుని, చెయ్యి ఛాతీ మీదికి తీసుకుపోవడానికి సిద్ధంగా పెట్టుకుని ఉంటే, ఏం గొణుగుతాడు? ఉస్తాదు ఆగిపోయాడేమిటా అని ఒక పిల్లవాడు తలెత్తాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. చూస్తుండగానే ముప్ఫై మొహాలు పైకి లేచాయి. అన్ని కళ్ళు ఒక్కసారిగా అతని మీద పడ్డాయి. అయిపోయింది, ఇక తకియా వదిలి పోవడమే అనుకున్నాడు.

అందరి మొహాల్లోనూ ఆశ్చర్యం ఉంది. దస్తగిరమ్మ మొహంలో లేదు. తన గొంతు వింటే పిల్లలు నవ్వుతారని ఆమెకు తెలుసు. అందుకని చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

ఫక్రుద్దీన్‌కు అర్థం కాలేదు. ముందుకు వంగాడు. ఆమె మళ్ళీ కదిపింది, ఈసారి నిదానంగా. పెదాలు కలిసి విడివడ్డాయి. మళ్ళీ కలిసి విడివడ్డాయి. మూడోసారి కలిసి, పక్కలకు సాగాయి. అతను రెప్ప వేయలేదు. చుట్టూ ఎవరున్నారో మరిచిపోయాడు. బాబా ఉన్నాడన్నది కూడా మరిచిపోయాడు. ఆ చిన్న నోటిని తప్ప మరిదేన్నీ చూడలేదు.

"పాపామియా సాహెబు," అన్నాడు.

బాబా చెయ్యి ఛాతీని తాకింది. దస్తగిరమ్మ అవునన్నట్టు తల ఊపింది. మిగిలిన పదకొండు పేర్లూ ఫక్రుద్దీన్ నోటి నుంచి వరసగా వచ్చాయి.

తర్వాత పిల్లలు ఒక్కొక్కరే లేచి ఆ నెల దువా అప్పజెప్పారు. చివరికి దస్తగిరమ్మ లేచింది. ఫక్రుద్దీన్ నోటికేసి చూసింది. అక్కడేమైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఈ మూడు నెలలూ అక్కడ పుస్తకం అట్ట తప్ప ఆమెకు ఏమీ కనపడలేదు. తెలియనిది ఎక్కణ్ణుంచి తెచ్చి చెబుతుంది? ఒక్కసారి తండ్రిని చూసింది, బండిని చూసింది. వంగి మూట అందుకుంది.

"మూడో నెల," అని వెనక వరసలో ఎవరో మెల్లగా అన్నారు.

"బాబా," అన్నాడు ఫక్రుద్దీన్. "ఒక్క నెల గడువియ్యండి."

"ఎవరికి?"

ఫక్రుద్దీన్ తలెత్తి, తన పెదాలు దస్తగిరమ్మకు కనపడేటట్టు ఆమె వైపు తిరిగి చెప్పాడు.

"నాకు."

బాబా పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, దస్తగిరమ్మ భుజం ఊతగా పట్టుకుని లేచాడు. గడప దాకా నడిచాడు.

"హుస్సేనప్పా," అన్నాడు. "ఎద్దును విప్పి నీళ్ళు పెట్టుకో. ఇంత బువ్వ తిని, చల్లపూట ఒక్కడివే పోదువు."