గ్వెన్లియన్ పొయ్యిలోని నిప్పు

నిలువనీడ లేనివారికి నీడయైన దైవానికి తొలి నమస్కారం. వేల్సు కొండల నడుమ ఒక చిన్న ప్రార్థనామందిరంలో బోధకుడైన ఎలియాజర్ ప్రైసుగారిదీ, ఆయన శిష్యుడు ఐవర్‌దీ ఈ కథ.

ఆ కాలాన బ్రిటనులో ఓటు గుట్టు కాదు. రైతు అందరి ఎదుటా వేదిక నెక్కి, జమీందారు గుమాస్తా వింటూండగా, తాను కోరిన అభ్యర్థి పేరు ఎలుగెత్తి పలకాలి. ఈ పద్ధతి మారాలన్నది సంస్కరణ పక్షం. మారితే తమ మాట చెల్లదని ఎరిగిన జమీందార్లది ఎదుటి పక్షం.

"మనస్సాక్షిని దాచుకోకండి" అని గురువు దీవెనతో ఐవర్ ఊరూరా బోధించాడు. ఆ మాట నమ్మి కౌలురైతు మడాక్ సంస్కరణ అభ్యర్థి పేరు పలికాడు. అభ్యర్థి గెలిచి లండనుకు వెళ్లాడు. మడాక్‌కు ఇల్లూ పొలమూ ఖాళీ చేయమని తాఖీదు వచ్చింది.

ఖాళీ చేయవలసిన నాటి ఉదయం ఐవర్ గురువు ముందు తల వంచుకొని నిలిచాడు.

"అయ్యగారూ, ఆదివారం ఈ విజయాన్ని గురించి బోధిద్దామనుకున్నాను. మడాక్ గుర్తుకొస్తే నోరు రావడం లేదు. ఏం చెప్పను?"

గురువు చేతికర్ర అందుకొని, "రా నాయనా" అన్నారు. అంతే.

మడాక్ బండికి సామాను కడుతున్నాడు. "రండి బాబూ! నా గొంతు ఖంగుమందని ఊరంతా మెచ్చుకుంది. జమీందారుగారైతే ఇదిగో, బహుమానమే పంపారు" అని నవ్వబోయి, నవ్వలేక తాడు బిగించాడు.

లోపల అతని భార్య గ్వెన్లియన్ పొయ్యి ముందు కూర్చుని ఉంది. అత్తగారి అత్తగారు రాజేసిన నిప్పు అది. రాత్రి బూడిద కప్పి, తెల్లవారి ఊది, ఏనాడూ ఆరనివ్వలేదు. ఆమె ఆ నిప్పులను ఇనుపకుండలోకి ఎత్తింది.

"మా చెల్లెలింట ఉంచుదామనుకున్నాను. మమ్మల్ని గడప తొక్కనిస్తే వాళ్లకూ ఇదే గతి పడుతుందని భయం, పాపం."

గురువు ఆ కుండ తీసి ఐవర్ చేతుల్లో పెట్టారు.

బండి వెనుక నడిచారు. తుంపర మొదలైంది. దారి పొడుగునా తలుపులు ఒక్కటొక్కటే మూసుకున్నాయి. కాగిన ఇనుముకు అరచేతులు బొబ్బలెక్కాయి. పొలిమేర దాటగానే ఐవర్ ఆగిపోయాడు.

"అయ్యగారూ, చేతులు కాలుతున్నాయి. దీన్ని ఎక్కడ దింపను?"

గురువు అతని చేతులవైపు చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"మడాక్‌ను పేరు పలకమన్ననాడు ఆ ప్రశ్న నువ్వూ అడగలేదు, నాయనా. నేనూ అడగలేదు."

నిప్పు అప్పటికే సగం నల్లబడింది. ఐవర్ కోటు విప్పి కుండపై వానకు అడ్డం పట్టి, బండి వెనుక మళ్లీ నడక సాగించాడు.

ఈ కథ విన్నవారి పొయ్యి చల్లారకుండు గాక. దారిన వచ్చే పరాయి నిప్పుకు వారి గడప తెరిచి ఉండు గాక.